రక్తపుగడ్డను కరగించు సూదిమందు – గృహిణి యెఱుగవలసిన సంగతులు

గుండెపోటు వచ్చినవారిని ఆసుపత్రికి చేర్చిన కొలది నిమిషములకే డాక్టరుగారు ఒక కాగితము తెచ్చి యింటివారిని చేవ్రాలు చేయుమందురు. గుండెనాళములో అడ్డుపడిన రక్తపుగడ్డను కరగించుటకు సూదిమందు ఇచ్చెదమనియు, దానివలన ఇంచుమించు నూటికొకరికి మెదడులో రక్తస్రావము కలుగవచ్చుననియు ఆ కాగితములో నుండును. అది చదివిన మగవారి చేయి వణకును. గుండెకని వచ్చి మెదడునకు ముప్పు తెచ్చుకొందుమా యని బంధువులలో నొకరందురు. భీమవరమునకో రాజమహేంద్రవరమునకో కొనిపోదమని మఱియొకరందురు. ఈ తర్జనభర్జనలలో అరగంట గడచిపోవును. ఆ అరగంటలో గుండెకండరము కొంత చచ్చును. చచ్చిన కండరము మరల రాదు.

ఆ కాగితమును జూచి ఎంతవఱకు భయపడవలెను? ఆ భయమును దేనికి వినియోగింపవలెను? అను రెండు ప్రశ్నలకు సమాధానముగా ఈ వ్యాసము వ్రాయుచున్నాను. నేను వైద్యురాలను గాను. పాలకొల్లులో ఒక బడిపంతులుగారి యిల్లాలను. అయినను ఈ విషయమున గృహిణి చేయవలసిన పని వైద్యుడు చేయు పనికి తీసిపోదని నా నిశ్చయము. ఏలయన, సూది వేయువారు డాక్టరుగారే కాని, సూదికి ముందు రోగి సంగతులు చెప్పవలసినవారమును, సూదికి పిమ్మట రాత్రియెల్ల మంచముకడ కూర్చుండువారమును మనమే.

ఈ మందు ఒకప్పుడు పెద్దపట్టణములలోనే దొరకెడిది. మన ఆంధ్రప్రదేశములో 2023లో ప్రభుత్వమువారు భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో గుండెపోటునకు సత్వరచికిత్స చేయు పథకము నొకదానిని ఆరంభించిరి. చిన్న ఆసుపత్రిలో రోగికి ఇ.సి.జి. తీసి, దానిని దూరమున నున్న పెద్ద ఆసుపత్రిలోని హృద్రోగనిపుణునకు అప్పటికప్పుడు పంపుదురు. ఆయన చూచి చెప్పిన మీదట ఇచ్చటనే సూది వేయుదురు. టెనెక్టెప్లేస్ అను ఆ మందు అప్పట్లో బజారులో కొన్నచో దాదాపు 40 వేల రూపాయలయ్యెడిది. ఆ పథకము క్రింద రోగికి ఉచితముగా నిచ్చుట కేర్పాటు చేసిరి. ఇది మిక్కిలి మేలైన పని. అయితే మందు పల్లెల చెంతకు వచ్చినపుడు, దానినిగూర్చిన తెలివియు పల్లెల చెంతకు రావలెను గదా! అందులకే ఈ నాలుగు మాటలు.

మన డెల్టాలో పుట్టినవారికి ఈ సంగతి బోధపరచుట సులభము. కాలువలో గుఱ్ఱపుడెక్క పెరిగి వంతెనకడ అడ్డుపడినచో దిగువచేలు ఎండిపోవును. గుండెకు రక్తము తెచ్చు నాళమునకును అట్టి యడ్డే వచ్చును. ఏండ్లతరబడి నాళము గోడలోపల పేరుకొన్న క్రొవ్వు ఒకనాడు పగులును. అచ్చట గాయమైనదని తలచి రక్తము గడ్డకట్టును. వేలు తెగినపుడు మనలను కాపాడు గుణమే యిచ్చట మృత్యువగును. రక్తములో గడ్డను కట్టు శక్తివలెనే గడ్డను కరగించు శక్తియు నున్నది. ప్లాస్మినోజెన్ అను పదార్థము రక్తములో నిద్రాణమై యుండును. సూదిమందు దానిని మేల్కొల్పును. మేల్కొనిన యా పదార్థము గడ్డను పట్టియుంచు ఫైబ్రిన్ అను సన్ననిపోగుల వలను త్రెంచివేయును, దారి తెరచుకొనును, గుండెకు రక్తము పారును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. చేతినరములో ఎక్కించిన మందు గుండెకు మాత్రమే పోయి యాగునా? శరీరమంతయు దిరుగును. మెదడులో వయసువలనను, రక్తపుపోటువలనను పలుచబడిన సన్నని నాళములు ఎన్నో యుండును. గట్టు బీటవారినచోట రైతు మట్టిబెడ్డ వేసి త్రొక్కినట్లు, అట్టి నాళములకు రక్తమే చిన్నచిన్న అతుకులు వేసికొనుచుండును. గుఱ్ఱపుడెక్కను తొలగించుటకు పోయిన మందు ఈ మట్టిబెడ్డలను గూడ కరగించును. ముక్కునుండి కారిన నెత్తురు నేలపై పడును. చిగుళ్లనుండి వచ్చినది ఉమిసివేయుదుము. మెదడులో కారిన నెత్తురునకు మాత్రము పోవు త్రోవ లేదు. చుట్టును ఎముకపెట్టె. అది నిండినకొలది మెదడును నొక్కివేయును.

ఈ మందు కథ 1933లో మొదలైనది. అమెరికాలో బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ విద్యాలయములో టిల్లెట్ అను వైద్యుడు, గొంతునొప్పి కలిగించు స్ట్రెప్టోకోకస్ అను సూక్ష్మక్రిమి మనుష్యరక్తపు గడ్డను కరగించుచున్నదని కనుగొనెను. దానినుండి వచ్చినదే స్ట్రెప్టోకైనేస్. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, భారత్ బయోటెక్ సంస్థలు గూడ దీనిని తయారుచేసినవి. చవుకయైనది గాన బీదవారికి చాలకాలము ఇదియే దిక్కైనది. ఒకసారి తీసికొన్నవారి శరీరము దానికి విరుగుడు పుట్టించుకొనును గాన రెండవమారు ఇయ్యరు. తరువాత వచ్చిన ఆల్టెప్లేస్, టెనెక్టెప్లేస్ మొదలగునవి గడ్డయున్నచోటనే ఎక్కువగా పనిచేయునట్లు చేయబడినవి. మెదడు సంగతిలో మాత్రము అవియు పూర్తిగా నిరపాయకరములు గావు.

ఇక భయమెంత యనుదానికి వత్తము. 1988లో వెలువడిన ఐసిస్-2 అను పరిశోధనలో 17,187 మంది రోగులను పరీక్షించిరి. స్ట్రెప్టోకైనేసును ఆస్పిరినును రెండును పుచ్చుకొన్నవారిలో అయిదువారములలో నూటికి 8 మంది గుండె, రక్తనాళముల వ్యాధివలన మరణించిరి. రెండును పుచ్చుకొననివారిలో నూటికి 13 మందికి పైగా మరణించిరి. 1994లో అట్టి పరిశోధనలు తొమ్మిదింటిని జేర్చి, 58,600 మంది లెక్కలు కూడి చూచిరి. నొప్పి మొదలైన ఆరుగంటలలోపల మందిచ్చినచో వేయిమందిలో సుమారు 30 ప్రాణములు దక్కినవి. అదే వేయిమందిలో మందువలన మొదటి రెండుదినములలో నలుగురికి అధికముగా మెదడుపోటు వచ్చినది; అందు ఇద్దరు మరణించిరి, ఒకరు వికలాంగులైరి, ఒకరు కోలుకొనిరి. దక్కిన 30 ప్రాణములు ఆ మరణములను తీసివేసిన మీదట మిగిలిన లెక్కయే. ఈ లెక్క యెఱిగిన యిల్లాలు, నొప్పి మొదలైన వెంటనే వచ్చిన రోగికి సూది వలదని చేయి అడ్డుపెట్టదు.

అయితే నాణెమునకు రెండవప్రక్కను దాచరాదు. 1993లో వెలువడిన గస్టో పరిశోధనలో 41,021 మంది రోగులలో 268 మందికి మెదడులో రక్తము కారినది. వారిలో నూటికి అరువదిమంది నెలలోపల మరణించిరి. వచ్చుట అరుదు, వచ్చెనా, మిక్కిలి దారుణము. కావున భయమును సూది మానుటకు గాక, జాగ్రత్తకు వినియోగింపవలెను.

భీమవరము పోదమన్న బంధువును గూడ ఊరక త్రోసివేయరాదు. నాళములోనికి సన్ననిగొట్టమును పంపి బెలూనుతో అడ్డును తొలగించు ఆంజియోప్లాస్టీ, రెండుగంటలలోపల జరుగునట్లయినచో సూదికన్న మేలు; మెదడులో రక్తస్రావమును అందు బహు అరుదు. డాక్టరుగారి నడుగవలసిన ప్రశ్న యొక్కటే: "రెండుగంటలలో బెలూను వేయగల చోటునకు మేము చేరగలమా?" లేదని ఆయన చెప్పినచో ఇక వాదింపక చేవ్రాలు చేయవలెను. బంధువుల మాటపై తెలియని యాసుపత్రుల వెంట దిరుగుచు, సూదియు బెలూనును రెండును దక్కక పోయినవారు మన ప్రాంతమున లేకపోలేదు.

ఇపుడు సూదికి ముందు చెప్పవలసిన సంగతులు. ఇది నేను అన్నిటికన్న ముఖ్యముగా చెప్పదలచినది.

రోగి బరువు మొదటిది. టెనెక్టెప్లేస్ మోతాదు బరువును బట్టియే యుండును: 60 కిలోలకు తక్కువైనచో 30 మిల్లీగ్రాములు, అచ్చటినుండి ప్రతి పదికిలోలకు అయిదేసి పెరిగి, 90 కిలోలును ఆపైనను ఉన్నవారికి 50. హడావుడిలో రోగిని త్రాసుపై నిలువబెట్టుటకు వీలుండదు. ఇంటివారి మాటయే ప్రమాణము. మన మగవారికి తల్లి బరువెంతో భార్య బరువెంతో తెలియదు. "అరువదియైదు ఉండునండీ" అని యుజ్జాయింపుగా ననెదరు. ఎండిపోయిన నలువదియెనిమిది కిలోల ముసలమ్మకు అరువదియైదు లెక్కన మందు పడినచో ఏమగునో ఆలోచింపుడు. వయసును గూడ తగ్గించి చెప్పుట మనలో కొందఱి కలవాటు. ఆ కొంటెతనమునకు ఇది చోటు గాదు. 75 ఏండ్లు దాటినవారికి సగము మోతాదు చాలునని 2013లో వెలువడిన స్ట్రీమ్ పరిశోధన తరువాత వైద్యులు పాటించుచున్నారు. ఆ పరిశోధన నడుచుచుండగనే వృద్ధులలో రక్తస్రావములు చూచి మోతాదును సగమునకు దింపిరి.

స్త్రీలకు ఈ ముప్పు పురుషులకన్న కొంత యెక్కువ యనునది మనము గుర్తుంచుకొనవలసిన మాట. మన శరీరములు చిన్నవి. గుండెపోటు మనకు తఱచుగా పెద్దవయసున వచ్చును. ఆ వయసున రక్తపుపోటును ఉండును. ఇవి తీసివేసిన తరువాతను కొంత భేదము మిగులుచునే యున్నది. ఇది చాలదన్నట్లు మనము ఆలసించియే ఆసుపత్రికి పోవుదుము. ఆడవారికి గుండెపోటు ఎల్లప్పుడును రొమ్మునొప్పిగా రాదు. వాంతి, చెమట, దవడలాగుట, చెప్పరాని నీరసముగా రావచ్చును. గ్యాసని సోడా త్రాగి, బియ్యమేరుచు, వంట ముగించి, అందఱికిని వడ్డించిన పిమ్మట పండుకొనెదము. అప్పటికి మంచిగడియ దాటిపోవును.

పూర్వము ఎప్పుడైన పక్షవాతము వచ్చినదా, మెదడులో రక్తము కారినదా, తలలో కంతి యేదైన నున్నదా యనునది తరువాత చెప్పవలెను. మెదడులో ఒక్కసారి రక్తము కారినవారికి, ఎన్నియేండ్లయినను, ఈ సూది ఇయ్యరాదు. కొలది నెలలక్రిందట పక్షవాతము వచ్చినవారికిని, తలకు గట్టిదెబ్బ తగిలినవారికిని ఇయ్యరు. నూతిచపటాపై జారిపడినదని, స్నానాలగదిలో గోడకు తల తగిలినదని ఇంటిలో ఆడవారికే తెలియును. బయట ఉద్యోగమునకు పోయిన కుమారునకు తెలియదు. ఇటీవల జరిగిన శస్త్రచికిత్సలు, కడుపులో పుండునుండి నెత్తురుపోవుట, రక్తము పలుచబడుటకు వాడు వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి మాత్రలు, రక్తపుపోటు మాత్ర మానివేసి ఎన్నిదినములైనదో అదియు చెప్పవలెను. పై పోటు 180, క్రింది పోటు 110 దాటియున్నచో ముందు దానిని దింపిగాని సూది వేయరు. మాత్రల డబ్బాను డబ్బాగానే వెంట తీసికొనిపోవుట మేలు, పేర్లు గుర్తుండవు.

ఒక్క సంగతి సిగ్గుపడి దాచువారున్నారు గాన స్పష్టముగా వ్రాయుచున్నాను. నెలసరియైన స్త్రీకి ఈ సూది ఇయ్యవచ్చును. అది యడ్డు గాదు. స్రావము కొంత యెక్కువ గావచ్చును, అంతే. గర్భిణియైనచో మాత్రము తప్పక చెప్పవలెను. మఱియు, నొప్పి రాగానే వీధిచివర వైద్యము చేయువారిచేత నడుమునకో జబ్బకో నొప్పిసూది వేయించుకొని ఆసుపత్రికి పోకుడు. గడ్డ కరగించు మందు పడిన పిమ్మట ఆ సూది పొడిచినచోట కండలో రక్తము నిండి వాచును. 108 బండిని పిలుచుటయే మొదటి వైద్యము.

మా వీధిలో జరిగిన సంగతి యొకటి చెప్పెదను. డెబ్బదియేండ్లు పైబడిన ముసలమ్మగారికి సాయంకాలము గుండెపోటు వచ్చినది. ఒక ఆసుపత్రిలో సూది వేసిరి. రాత్రి తొమ్మిదిగంటలకు నొప్పి తగ్గినది. ఇంటిల్లిపాదియు ఊపిరి పీల్చుకొనిరి. రెండుగంటలవేళ ఆమె తలనొప్పియనెను. ఒకమారు వాంతి యయ్యెను. ఖాళీకడుపున మందులు పడుటచే పైత్యము చేసినదని కుమారుడు సమాధానపడెను. ఆపైన ఆమె కన్నులు మూతలు పడసాగెను. "అలిసిపోయింది, పడుకోనీ, లేపకు" అని యతడు భార్యతో ననెను. కోడలు లేపెను. అత్తగారు ఆమె పేరు పలుకబోయి సగములో ఆగిపోయెను, నాలుక తిరుగలేదు. "అలసట కాదండీ, మాట చూడండి" యని యామె పరుగున పోయి నర్సును పిలుచుకొనివచ్చెను. డాక్టరుగారు వచ్చి హెపారిన్ ఆపించి, స్కానునకు పంపిరి. మెదడు ఎడమభాగమున రక్తము కారియుండెను. ఇంకను కొంతసేపు నిద్రపోనిచ్చినచో ఏమై యుండునో! ముసలమ్మగారు బ్రదికిరి. కుడిచేయి స్వాధీనము తప్పినది. నేడు ఎడమచేతితో అన్నము తినుచున్నారు, మనుమలను పేరుపెట్టి పిలుచుచున్నారు.

ఆ కోడలు చూచినవియే మనమందఱము చూడవలసినవి. ఈ రక్తస్రావములు చాలవఱకు మొదటి ఇరువదినాలుగు గంటలలోనే జరుగును. క్రొత్తగా వచ్చిన తలనొప్పి, వాంతి, మాట తడబాటు, మూతి ఒకప్రక్కకు పోవుట, ఒక చేయియో కాలో బరువెక్కుట, చూపు మసకబారుట, మూర్ఛ, ఉన్నట్లుండి రక్తపుపోటు పెరుగుట, అన్నిటికన్న మోసకరమైన మత్తునిద్ర. గంటకో అరగంటకో నర్సులు వచ్చి చూతురు. ఆ నడుమ మనము పేరడుగవచ్చును, నవ్వుమనవచ్చును, రెండు చేతులును ఎత్తుమనవచ్చును. పరాయివారికంటె మనకు తెలిసిన దొకటున్నది: ఆ మనిషి మామూలుగా ఎట్లు మాటలాడునో, ఏ సణుగుడు ఆమెకు సహజమో మనకే తెలియును. అనుమానము వచ్చినపుడు నర్సు విసుగుకొనునేమో యను సంకోచము వలదు. కాఫీచుక్క పోసినచో తేఱుకొనునని నోటిలో ఏమియు పోయకుడు. మ్రింగుడు సరిగా లేనివారికి అది ఊపిరితిత్తులలోనికి పోవును. తలనొప్పిమాత్రను మన సంచిలోనుండి తీసి యిచ్చుట అంతకన్న తప్పు. రోగిని ఒంటరిగా దొడ్డికి నడువనీయరాదు, పడినచో చాల ప్రమాదము. ఆ దినమున గడ్డము గీయుటయు, బ్రష్షుతో గట్టిగా పండ్లు తోముటయు మానవలెను. చిగుళ్లలో కొద్దిపాటి నెత్తురు కనబడినచో అదిరిపడక డాక్టరుగారికి చెప్పిన చాలును.

భారతములో సౌప్తికపర్వము చదివినవారికి అశ్వత్థామ యస్త్రము జ్ఞప్తియుండును. ప్రయోగించుట యెఱుగును గాని మరల్చుట యెఱుగడు. టెనెక్టెప్లేస్ అట్టిదే, అయిదారు క్షణములలో ఒక్కపోటున ఎక్కింతురు, వెనుకకు తీయవీలు లేదు. రక్తములోనుండి అది కొలది గంటలలో పోవును గాని, ఆ గంటలే ప్రమాదకరములు. అయినను నేటి వైద్యులు అశ్వత్థామవలె చేతులు ముడుచుకొని కూర్చుండరు.

అనుమానము కలిగిన క్షణముననే, గడ్డకట్టుటను అడ్డగించు మందులన్నియు ఆపుదురు. ఎక్కుచున్న బాటిలు ఉన్నచో బిగింతురు. స్కానుకొఱకు కాచుకొని ఆపుట గాదు, ఆపి స్కానునకు పోవుట. రక్తము తీసి, గడ్డకట్టు శక్తియెంతో, ఫైబ్రినోజెన్ ఎంత మిగిలెనో చూతురు. రక్తపు గ్రూపును సరిచూతురు. తలకు సి.టి. స్కాను తీయుదురు. అందు క్రొత్తనెత్తురు తెల్లగా కనబడును. ఈ స్కాను లేక వైద్యము సాగదు. ఏలయన గుండెనుండి పోయిన గడ్డ మెదడునాళములో అడ్డుపడినను లక్షణములు ఇట్లే యుండును. ఆ రెండింటికిని వైద్యములు పరస్పరవిరుద్ధములు.

రక్తస్రావమని తేలినచో క్రయోప్రెసిపిటేట్ అను పదార్థము నెక్కింతురు. దాతలిచ్చిన రక్తపు ప్లాస్మానుండి తీసిన ఫైబ్రినోజెన్ దీనిలో దండిగా నుండును. సూదిమందు త్రెంచిన వలను మరల అల్లుకొనుటకు ఇది నూలు వంటిది. సాధారణముగా పది యూనిట్లు ఎక్కించి, ఫైబ్రినోజెన్ 150 మిల్లీగ్రాములకు తక్కువగా నున్నచో మరల నిత్తురు. ఇది పెద్ద రక్తనిధులలోనే దొరకును గాన, తెచ్చుటకు పరుగెత్తవలసిన మనిషి ముందే సిద్ధముగా నుండుట మంచిది. ట్రానెక్సామిక్ ఆమ్లము అను మందును గూడ వాడుదురు. ఈ పేరు మనలో చాలమందికి క్రొత్త గాదు. నెలసరిలో అధికస్రావమునకు మాత్రలుగాను, కాన్పు పిమ్మట రక్తము పోవునపుడు సూదిగాను ఇచ్చునది ఇదియే. కరుగుచున్న ఫైబ్రిన్ పోగులకు కావలియుండి తెగకుండ కాపాడుట దీని పని. హెపారిన్ పడియున్నచో దానికి విరుగుడు ప్రోటమిన్ కలదు. రక్తపుపోటును మెల్లమెల్లగా పై అంకె 140 ప్రాంతమునకు దింపుదురు. తలవైపు మంచము కొంచె మెత్తుదురు. ఊపిరి కష్టమైనచో యంత్రము పెట్టుదురు.

శస్త్రచికిత్స అందఱికిని పనికిరాదు. గస్టో పరిశోధనలో పుఱ్ఱె తెరచి రక్తము తీయించుకొన్నవారిలో నెలనాటికి నూటికి 65 మంది, తీయించుకొననివారిలో 35 మంది బ్రదికియుండిరి. ఈ అంకెలు చూచి ఆశపడుట సహజమే కాని, కత్తికి తాళగలరని వైద్యులు ఏరుకొన్నవారికే ఆ చికిత్స జరిగినదను మాటయు మఱువరాదు. చిన్నమెదడులో పెద్దగా కారినపుడు మాత్రము ఆలస్యము పనికిరాదందురు. గడ్డకట్టు శక్తిని సరిచేయకయే కత్తి పట్టరు. పట్టణాంతరము పంపునపుడు సూది ఏది, ఎంత, ఏ గంటకు పడినదో వ్రాసిన కాగితము రోగితోకూడ పోవలెను.

ఇచ్చట వైద్యుని కష్టమును గూడ తలపవలెను. గుండెలో తెరచుకొన్న నాళము మరల మూసికొనకుండ రక్తమును పలుచగా నుంచవలెను. మెదడులో కారునది ఆగుటకు చిక్కగా చేయవలెను. ఒక్క రక్తమే, రెండు విరుద్ధమైన కోరికలు. ప్రాణము ముందుగా పోవునది మెదడువలన గాన ఆ కొన్నిదినములు మెదడునకే మొగ్గుదురు. గుండెకు స్టెంటు వేయుటను వాయిదా వేయుదురు. ఆస్పిరిన్ ఎప్పుడు మరల మొదలుపెట్టవలెనో గుండెవైద్యుడును నరములవైద్యుడును కలిసి, రోగిని బట్టి నిర్ణయింతురు. దినములు పట్టవచ్చును, వారములు పట్టవచ్చును. ఈలోపల పాత చీటీని బట్టి మందులషాపులో మాత్రలు తెచ్చి మ్రింగించుట మహాపరాధము.

ఈ జాగ్రత్తలన్నియు నిజముగా ఉపయోగించునా యని సందేహించువారికి ఒక దృష్టాంతము. 2023లో వెలువడిన స్ట్రీమ్-2 పరిశోధనలో అరువదియేండ్లు పైబడిన 401 మందికి సగము మోతాదు టెనెక్టెప్లేస్ ఇచ్చిరి. ఆరుగురికి మెదడులో రక్తము కారినది. విచారించి చూడగా, ఆ యార్గురిలో ఇద్దరికి రక్తము పలుచజేయు మందు మితిమీరినది. ఒకరికి రక్తపుపోటు అదుపులో లేకుండగనే సూది పడినది. సగము మంది విషయములో నియమము తప్పినదన్నమాట.

రక్తస్రావమును దాటి బ్రదికినవారికి మొదటి నెలలలో వ్యాయామచికిత్స చేయించినకొలది చేయికాలు స్వాధీనమగును. మాట నేర్పువారు గూడ నున్నారు. ఆసుపత్రినుండి వచ్చిన దినముననే దీనిని మొదలిడుట మంచిది, శుభదినము చూచుకొని గాదు. ఇంటిలోని రక్తపుపోటు యంత్రమును అలంకారముగా అలమరలో నుంచక, దినమునకొకమారు చూచి అంకెలు వ్రాసిపెట్టవలెను.

ఇక తుదిగా ఒక కాగితము. ప్రతి యింటిలోను పెద్దవారి కొక్కొక్కరికి ఒక్కొక్కటి వ్రాసియుంచుడు: పేరు, పుట్టిన సంవత్సరము, ఈ సంవత్సరము తూచిన బరువు, రక్తపు గ్రూపు, వాడు మందులు, పడని మందులు, పూర్వము జరిగిన శస్త్రచికిత్సలు, తలదెబ్బలు, పక్షవాతములు. స్ట్రెప్టోకైనేస్ ఎప్పుడైన పడియున్నచో ఆ తేది. మెదడులో రక్తము కారినవారి కాగితముపై మాత్రము ఎఱ్ఱసిరాతో పెద్దయక్షరములతో "గడ్డ కరగించు సూది ఇయ్యరాదు, బెలూను వైద్యమునకే పంపవలెను" అని వ్రాయుడు. దానిని దేవునిగదిలోనో బట్టలపెట్టె అడుగుననో దాచకుడు. రేషనుకార్డు, ఆధారుకార్డు పెట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తు సంచిలోనే యుండవలెను, ఆ సంచి యెచ్చట నున్నదో ఇంటిలోని చిన్నపిల్లలకు గూడ తెలిసియుండవలెను.